కారు ధ్వని పోటీలు: తీగెల నియమాలపై ఒక పరిశీలన

పెనుకొండ సమీపమున ఎర్రమంచిలో 2019 నుండి కార్లు తయారగుచున్నవి. మన ప్రాంతంలో కార్లు కొన్నవారు కొందరు కంపెనీ అమర్చిన స్పీకర్లతో తృప్తిపడక, పెద్ద యాంప్లిఫయర్లు, ఊఫర్లు బిగించుకొంటున్నారు. ఇట్టి కార్లకు విదేశాలలో పోటీలే జరుగుతున్నవి. అమెరికాలో పుట్టిన ఐ.ఎ.ఎస్.సి.ఎ. వంటి సంస్థల పోటీలలో ధ్వనినే కాక, తీగెలు లాగిన తీరును, పరికరాలు బిగించిన చోటును కూడా పరీక్షిస్తారు. ఆ నియమాలలోని మంచిచెడ్డలేమిటి?

వీటిలో ముఖ్యమైనది ఫ్యూజు నియమం. యాంప్లిఫయరుకు పోవు తీగెలో, బ్యాటరీ నుండి 18 అంగుళాల లోపుననే ఫ్యూజు ఉండవలెను. రొద్దంలో ఉత్సవాలకు పాటలు వేసే ఒక బండిలో ఫ్యూజు యాంప్లిఫయరు పక్కన ఉండగా చూచి, కారణమడిగాను. "యాంప్లిఫయరు రేటెక్కువ సార్, పక్కనుంటేనే కదా కాపాడేది? అయినా పన్నెండు వోల్టులే, షాకేం కొడ్తాది?" అన్నాడు మెకానిక్కు. ఈ రెండు మాటలలోను పొరపాటున్నది.

లెక్క చూడండి. 600 వాట్ల యాంప్లిఫయరు 12 వోల్టుల వద్ద 50 ఆంపియర్లు తీసుకొనును. 5 మీటర్ల పొడవు, 4 చదరపు మిల్లీమీటర్ల మందం గల రాగితీగె నిరోధం సుమారు 0.02 ఓములు. కనుక తీగెలోనే 1 వోల్టు తగ్గి, 50 వాట్లు వేడిగా మారును. ఇక యాంప్లిఫయరుకు కొంచెం ఇవతల, రేకు అంచుకు రాసుకొని తీగె తొడుగు చిరిగిందనుకొందాం. బండి రేకే బ్యాటరీ రుణధ్రువానికి కలిపి ఉండును. బ్యాటరీ, తీగెల నిరోధం మొత్తం 0.03 ఓములైతే, 400 ఆంపియర్లు ప్రవహించును. తీగెలో పుట్టు వేడి 3200 వాట్లు. నీళ్లు కాచే హీటర్లు రెండింటిపాటి! యాంప్లిఫయరు పక్కనున్న ఫ్యూజు గుండా ఈ ప్రవాహం పోనే పోదు. అది కరగదు, తీగె అంటుకొనును. ఫ్యూజు కాపాడవలసినది యాంప్లిఫయరును కాదు, తీగెను. షాకు లేనంత మాత్రాన ప్రమాదం లేనట్లు కాదు.

కనుక ఈ నియమం శాస్త్రసమ్మతమే. అయినా ఒక్క అంకెను కంఠస్థం చేస్తే చాలదు. ఫ్యూజు ఆంపియర్లు తీగె మందాన్ని బట్టి ఉండాలి. మిగిలిన ఆ 18 అంగుళాలకు ఏ రక్షణా లేదు గనుక దానికి గట్టి తొడుగుండాలి. రేకు రంధ్రంలో రబ్బరు వాషరుండాలి.

పరికరాలను కదలకుండా బిగించాలన్న నియమం కూడా ఇట్టిదే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు ఢీకొంటే, వెనుకనున్న 20 కిలోల ఊఫరు పెట్టె అదే వేగంతో ముందుకు దూసుకువచ్చును. అది 14 మీటర్ల ఎత్తునుండి పడిన పెట్టెతో సమానం.

నా అభ్యంతరం ఒక్కటే. తీగెల అందానికి, భద్రతకు మార్కులు కలిపివేసే పద్ధతి ఎక్కడున్నా మంచిది కాదు. అందానికి పదింట ఏడు వేయవచ్చు. భద్రతకు అట్లు వేయరాదు. అది ఉన్నదా, లేదా అన్నదే ప్రశ్న.

ఓము నియమం చెప్పిననాడు ఉపాధ్యాయులు ఈ బండిబొమ్మను నల్లబల్లపై గీసి, "ఫ్యూజు ఎక్కడ పెడతారు?" అని అడిగి చూడండి. ఆ పిల్లలలోనే రేపటి మెకానిక్కులున్నారు.