గేటు దాటించే చొక్కా

'కాక్కా ముట్టై' గురించి ఎవరితో మాట్లాడినా మాట చివరికి పిజ్జా దగ్గరే ఆగుతుంది. అంత ఆరాటపడి, అన్ని తిప్పలు పడి, ఆ అన్నదమ్ములిద్దరూ ఆఖరికి పిజ్జా ముక్క నోట్లో పెట్టుకుంటారు. బాలేదు. ఇంట్లో అవ్వ వేసిన దోసే నయం. చూసేవాళ్లంతా హాయిగా నవ్వుకుంటారు. ఈ సినిమా నేను మూడుసార్లు చూశాను. మూడోసారికి ఆ నవ్వు మీద అనుమానం పుట్టింది. అందరూ పిజ్జా సినిమా అనుకుంటున్న ఇది నాకు మాత్రం ఒక జత బట్టల సినిమాలా కనిపించడం మొదలైంది.

చూడనివాళ్ల కోసం కథ కాస్త చెప్పాలి. ఎం. మణికందన్ తీసిన ఈ తమిళ సినిమా 2015లో థియేటర్లకొచ్చింది, ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. చెన్నైలో ఒక మురికివాడ. తండ్రి జైల్లో ఉంటాడు. అతన్ని బయటికి తెచ్చుకోడానికి తల్లి (ఐశ్వర్యా రాజేష్) నానా పాట్లూ పడుతుంటుంది. పిల్లలిద్దరూ బడి మానేసి రైలు పట్టాల పక్కన బొగ్గు ఏరి అమ్ముతుంటారు. కాకి గూళ్లలో గుడ్లు కాజేసి తాగుతారు కాబట్టి ఒకడు పెద్ద కాకిగుడ్డు, ఇంకొకడు చిన్న కాకిగుడ్డు. వాళ్లు ఎక్కే చెట్టు కొట్టేసి ఆ జాగాలో పిజ్జా షాపు కడతారు, ప్రారంభానికి హీరో శింబు వస్తాడు. ప్రభుత్వం పంచిన ఉచిత కలర్ టీవీ గుడిసెలోకొస్తుంది. అందులో పిజ్జా ప్రకటన. సాగే చీజ్ చూసి పిల్లల కళ్లు అక్కడే అతుక్కుపోతాయి.

పిజ్జా మూడొందలు. బొగ్గు అమ్మితే కిలోకి వచ్చేది చిల్లర. ఎలాగో మూడొందలు కూడబెట్టుకుని వెళ్తారు. గేటు దగ్గర వాచ్‌మన్ తరిమేస్తాడు. డబ్బు జేబులోనే ఉందిగా మరి? అప్పుడు తడుతుంది పెద్దోడికి, లోపలికెళ్లాలంటే కొత్త బట్టలు కావాలని. మళ్లీ డబ్బు కూడబెడతారు. బట్టలమ్మేది సిటీ సెంటర్ మాల్‌లో. ఈ బట్టల్లో ఆ మాల్‌లోకి రానిస్తారా? మా ఉద్యోగ భాషలో దీన్ని డెడ్‌లాక్ అంటాం: రెండు ప్రోగ్రాములు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ రెండూ ఆగిపోవడం. మణికందన్ దీని మీద ఉపన్యాసం ఇవ్వడు. పిల్లలిద్దరూ మాల్ బయట నిలబడి ఉంటారు, అంతే.

కౌమారం, బట్టలు, వినియోగ సంస్కృతి అనగానే మనం చదివే వ్యాసాల్లో 'ఐడెంటిటీ' అనే మాట వచ్చేస్తుంది. పిల్లలు బట్టలతో తమను తాము వ్యక్తం చేసుకుంటారు, బ్రాండ్లతో ఒక 'నేను'ని కట్టుకుంటారు, అని. ఆ మాట అబద్ధమని అనను. కానీ అది ఎక్కడ పుట్టిందో చూడాలి. జాన్ హ్యూస్ రాసిన 'ప్రెటీ ఇన్ పింక్' (1986) అమెరికన్ టీనేజ్ సినిమాల్లో బాగా పేరున్నది. మాలీ రింగ్‌వాల్డ్ వేసిన ఆండీ డబ్బులేని ఇంటి పిల్ల. పాత బట్టలు తెచ్చి, కత్తిరించి, కలిపి కుట్టుకుని వేసుకుంటుంది. డబ్బున్న పిల్లలు వెక్కిరిస్తారు. స్కూలు ఆఖర్లో జరిగే డాన్సు కోసం తను కుట్టుకున్న గులాబీ రంగు గౌనులో ఒంటరిగా వెళ్తుంది. గౌను ఏమంత బాగుండదు, అది వేరే సంగతి. నాకు ముఖ్యమైంది, ఆమెను గేటు దగ్గర ఎవరూ ఆపరు. వెక్కిరింపు ఉంటుంది గానీ ఆ బడి ఆమెది, ఆ హాలు ఆమెది. ఆ మాత్రం హామీ ఉన్నవాళ్లకే పాత గుడ్డ స్టైల్ అవుతుంది. కాకిగుడ్డు సోదరుల ఒంటి మీద పాత గుడ్డ పాత గుడ్డే. 'నేనెవరు' అని అడిగే తీరిక వాళ్లకి ఇంకా రాలేదు. వాళ్లకి ఎదురైన మొదటి ప్రశ్న, 'లోపలికి రానిస్తారా?'

మన దగ్గర ఈ ప్రశ్నకి చిన్న చరిత్ర ఉంది. మా ఇంట్లో సంక్రాంతికి ఒకే తానులోంచి గుడ్డ చింపించి నాకూ, అన్నయ్యకీ, బాబాయి కొడుక్కీ చొక్కాలు కుట్టించేవారు. ముగ్గురం బ్యాండ్ మేళంవాళ్లలా ఉండేవాళ్లం. "పెరిగే పిల్లాడు, వదులుగా కుట్టు" అని అమ్మ దర్జీకి చెప్పేది. ప్యాంటు కింద రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టేవాడు. ఏటా ఒకసారి ఆ మడత విప్పితే పాత మడత గీత తెల్లగా కనబడేది. ఎదగడం అంటే కాళ్ల దగ్గర ఆ గీతలు లెక్కపెట్టుకోవడమే. ఆ బట్టల్లో ఎవరి ఐడెంటిటీ ఉంది? ఇంటిది. అది బాగుందని పాత రోజుల మీద మోజుతో చెప్పట్లేదు. ఆ చొక్కా అంటే నాకు ఒళ్లుమంట.

1995లో అహ్మదాబాద్ అరవింద్ మిల్స్ 'రఫ్ అండ్ టఫ్' పేరుతో జీన్స్‌ని కుట్టకుండా కిట్‌లా అమ్మింది. డెనిమ్ గుడ్డ, జిప్పు, రివెట్లు, వెనక అతికించే పట్టీ, అన్నీ ఒకే ప్యాకెట్లో. ఊళ్లో దర్జీ కుట్టిపెడతాడు. బ్రాండెడ్ జీన్స్ ధర పెట్టలేనివాళ్ల కోసం తీసిన ఉపాయం అది, ఊళ్లలో బాగా పట్టింది. అప్పుడు ఇంటర్ చదువుతున్న మా చిన్న బాబాయి ఒకటి కుట్టించుకున్నాడు. నేను బాగా చిన్నవాణ్ని, అయినా ఒకటి గుర్తుంది. దర్జీ అలవాటు కొద్దీ దానికి కూడా కింద రెండంగుళాలు లోపలికి మడిచాడు. వెనక కంపెనీ పట్టీ, లోపల పెరిగే పిల్లాడి మడత. ఆ కాలం మొత్తం ఆ ప్యాంటులో ఉందనిపిస్తుంది ఇప్పుడు.

నేను ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాదే, 2007లో, శేఖర్ కమ్ముల 'హ్యాపీ డేస్' వచ్చింది. మా హాస్టల్లో చూడనివాడు లేడు. ఇష్టమైన సినిమాయే, ఇప్పటికీ పాటలు వింటాను. కానీ అందులో టీషర్టులకి ధర లేదు. ఎవడు ఎంత పెట్టి కొన్నాడన్నది కథలో సమస్య కాదు. మా హాస్టల్లో అదే పెద్ద సమస్య. ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని ఇంట్లో మొదటిసారి డిగ్రీ మొహం చూస్తున్నవాళ్లు బోలెడంతమంది చేరారు. ఫీజు ప్రభుత్వం కడుతుంది, చొక్కా ఎవరు కొంటారు? రెండు జతలవాడు రాత్రి ఉతికి ఫ్యాను కింద ఆరేసేవాడు. కరెంటు పోతే పొద్దున తడి కాలరు.

ఫైనలియర్లో ప్లేస్‌మెంట్లు. ఫార్మల్స్ లేకపోతే ఇంటర్వ్యూకి రానివ్వం అని నోటీసు బోర్డులో పెట్టారు. మా ఫ్లోర్లో పదకొండుమందికి నాలుగు టైలు, రెండు జతల నల్ల బూట్లు. ఒకడు లోపల్నుంచి రాగానే వరండాలోనే బూట్లు విప్పేవాడు, తర్వాతవాడు ఆ వెచ్చటి బూట్లలోనే కాళ్లు పెట్టేవాడు. "ఎలా అడిగార్రా?" అన్న ప్రశ్న ఆ తర్వాతే. ఇందులో జాలిపడాల్సిందేం లేదు, చచ్చేట్టు నవ్వుకున్నాం కూడా. ఒకడి పాదం పెద్దది, వాడికి మాత్రం బూట్లు పట్టలేదు. చెప్పులతోనే వెళ్లాడు. వాడి టర్ము వచ్చేసరికి ఇంటర్వ్యూ గది తలుపు దాటకుండానే వెనక్కి పంపారు. మాలో అందరికంటే బాగా కోడ్ రాసేవాడు వాడే.

అందుకే 'కాక్కా ముట్టై'లో బట్టలు మార్చుకునే ఘట్టం నాకు వేరేగా తగిలింది. మాల్ బయట ఇద్దరు డబ్బున్న పిల్లలు పానీపూరీ కావాలని మారాం చేస్తుంటారు. వాళ్ల నాన్న, బండి మీద తిండి తినకూడదంటాడు. కాకిగుడ్లు ఆ పిల్లలకి పానీపూరీ పెట్టించి, బదులుగా వాళ్ల కొత్త బట్టలు తీసుకుంటారు. ఇక గేటు దాటడమే. కొత్త చొక్కాల్లో, చేతిలో డబ్బుతో, గుమ్మం దగ్గరకెళ్తారు. షాపు సూపర్వైజరు వచ్చి పెద్దోడి చెంప పగలగొడతాడు.

సినిమా మొత్తానికీ ఇరుసు ఆ దెబ్బ. డబ్బు లేదన్నారు, తెచ్చాడు. బట్టలు లేవన్నారు, తెచ్చాడు. షరతులన్నీ తీర్చాక పడింది దెబ్బ. షరతు ఎప్పుడూ చొక్కా కాదని వాడి ఒంటికి తెలిసిన క్షణం అది. మన కథల్లో ఎదగడాన్ని ప్రేమలోనో చావులోనో పెడతారు. మణికందన్ ఒక చెంపదెబ్బలో పెట్టాడు. పిల్లవాడి మొహం చూడండి. ఏడుపు కంటే ముందు అయోమయం వస్తుంది.

దీనితో పోల్చడానికి తెలుగులో నాకు తోచింది గౌతమ్ తిన్ననూరి 'జెర్సీ' (2019). కొడుకు పుట్టినరోజుకి ఇండియా జెర్సీ అడుగుతాడు. ఐదొందలు. ఉద్యోగం పోయిన అర్జున్ దగ్గర అది ఉండదు. ఆ ఐదొందల కోసం అతను పడే అవమానాలు, భార్య పర్సు దాకా వెళ్లిన చెయ్యి, ఇవన్నీ మన సినిమాల్లో అరుదైన నిజాయితీతో వచ్చాయి. నాకున్న పేచీ ఒకటే. జెర్సీ అడిగింది పిల్లాడు, కథ మాత్రం నాన్నది. అది వేసుకుంటే వాడికి అద్దంలో ఎవరు కనబడతారు, వీధిలో వాడి నడక ఎలా మారుతుంది, ఇవి సినిమాకి అక్కర్లేదు. గుడ్డ నాన్న ప్రేమకి గుర్తుగా మారిపోయి, కోరిక పిల్లాడి చేతిలోంచి జారిపోతుంది. మనవాళ్లు పిల్లల కోరికని ఎప్పుడూ ఇలాగే చూస్తారు: తీర్చే తల్లిదండ్రుల త్యాగంగా, లేదా తీరని పిల్లల మంకుపట్టుగా. మణికందన్ మాత్రం కోరికని పిల్లల దగ్గరే ఉంచాడు, అది వెర్రి కోరికైనా సరే.

అలాంటివాడు ముగింపులో ఎందుకు రాజీపడ్డాడు? దెబ్బ కొట్టిన దృశ్యం ఎవరో ఫోన్లో తీస్తారు, అది టీవీలకెక్కుతుంది, షాపు యజమాని పరువు కాపాడుకోడానికి ఆ పిల్లల్నే మర్యాదలు చేసి లోపలికి తీసుకెళ్తాడు. ఇక్కడిదాకా గొప్పగా ఉంది. చొక్కా చెయ్యలేని పని కెమెరా చేసింది. (ఇప్పటి పిల్లలు బట్టలు రీల్స్ కోసం కొంటున్నారని విసుక్కునేవాళ్లు ఈ సీన్ ఇంకోసారి చూడాలి. కెమెరా ముందున్నవాణ్ని కొట్టరని పిల్లలకి తెలిసిపోయింది.) ఆ వెంటనే వస్తుంది దోస మాట. పిజ్జా బాలేదని వాళ్లే అనేస్తే మనకి ఎంత నిశ్చింత! పేదపిల్లలకి దోసే ఇష్టమట, గేటు గురించి ఇంక మాట్లాడక్కర్లేదు. టికెట్ కొనుక్కుని మాల్‌లో కూర్చున్న నాలాంటివాడికి చేసిన ఉపకారం ఆ డైలాగు. పిజ్జా వాళ్లకి నచ్చి ఉంటే? రోజూ కావాలనిపించి ఉంటే? ఆ సినిమాకి అంత నవ్వు వచ్చేది కాదు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఆఫీసుకి షార్ట్స్‌లో వెళ్తాను. మా మేనేజరు స్లిప్పర్లలో వస్తాడు. మెడలో ట్యాగ్ ఉంటే చాలు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మాత్రం మే నెల ఎండలో టక్ చేసుకుని, టోపీ పెట్టుకుని, పాలిష్ చేసిన బూట్లతో నిలబడతాడు. ఫార్మల్స్ రూలు ఇప్పుడు ఆయన ఒక్కడికే మిగిలింది. సినిమాలో పిల్లల్ని తరిమిన వాచ్‌మన్ కూడా యూనిఫాంలోనే ఉంటాడు. డ్యూటీ దిగి ఆ యూనిఫాం విప్పాక, అతన్ని ఆ షాపులో కూర్చోనిస్తారా అని ఆలోచిస్తే ఆ సీన్ ఇంకోలా కనబడుతుంది.

ఇన్నిసార్లు చూశాక నాకు బాగా నచ్చేది పానీపూరీ బండి దగ్గరి బేరం. రెండు పక్షాలవాళ్లకీ ఏం కావాలో తెలుసు. ఒక పక్క నోరూరుతోంది, ఇంకో పక్క చొక్కా కావాలి. డబ్బున్న పిల్లలకి ఆ బట్టల ఖరీదు పట్టదు, వీళ్లకి పానీపూరీ రేటు లెక్క కాదు. వాళ్ల నాన్న ఎటో చూస్తుండగా నలుగురు పిల్లలు ఒక నిమిషంలో ముగించేస్తారు ఆ వ్యాపారం.