విరాటపర్వమున సైరంధ్రి సమయము: సిరొంచ సీమనుండి ఒక పరిశీలన

వానలు ముఖము చాటు చేసిన యేట విరాటపర్వము చదివించుట తెలుగునాట తరతరాల ఆచారము. అందుచేత తిక్కన సోమయాజి రచించిన పర్వములలో పండితులకే గాక పామరులకును మిక్కిలి పరిచితమైనది ఇదియే. అజ్ఞాతవాసము, కీచకవధ, గోగ్రహణము అను మూడు ఘట్టములను గూర్చి విమర్శకులు విస్తారముగా వ్రాసియున్నారు. తిక్కన నాటకీయతను, పాత్రోచిత సంభాషణమును కొనియాడని వారు లేరు. కాని ద్రౌపది సుదేష్ణ కొలువున ప్రవేశించునపుడు చేసికొనిన కట్టుబాటు మాత్రము కథకు ఒక మెట్టుగా పరిగణింపబడినదే కాని, కథకు మూలకందముగా పరిశీలింపబడుట అరుదు. పరుల యింట నుండి, పరుల యన్నము తిని, పనిచేసి బ్రదుకు స్త్రీ తన మానమును ఏ ఆధారముతో కాపాడుకొనును అను ప్రశ్న ఆ కట్టుబాటులోనే ఇమిడియున్నది.

ఈ ప్రశ్నను పరిశీలించుటకు సిరొంచ సీమ తగిన తావు. ప్రాణహిత గోదావరిలో కలియు చోట ఎడమ గట్టున సిరొంచ యున్నది. ఆవలి గట్టున కాళేశ్వరము. 1860లో నిజాము ప్రభువు గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఆంగ్లేయుల కిచ్చినపుడు సిరొంచయు వారి పాలయ్యెను. మధ్యపరగణాలలో ఎగువ గోదావరి జిల్లాకు అది కేంద్రమై, 1874లో ఆ జిల్లా రద్దుకాగా చాందా జిల్లాలో చేరెను. అదే జిల్లాలోని భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానికి పోయెను. 1956లో విదర్భతోబాటు బొంబాయి రాష్ట్రమునందును, 1960లో మహారాష్ట్రమునందును ఉండి, 1982 ఆగష్టు 26న ఏర్పడిన గడచిరోలి జిల్లాలో సిరొంచ అంతర్భాగమయ్యెను. ఇన్ని మార్పులలోను ఇంటి భాష తెలుగుగనే నిలిచెను. బడి భాష, కచేరి భాష మరాఠీ అయ్యెను. కావున ఇచ్చటి చదువరికి సైరంధ్రి రెండు భాషలనుండి ఎదురగును. ఇంట తిక్కన సైరంధ్రి. బడిలో మరాఠీ నాటకరంగపు సైరంధ్రి.

మొదట పదార్థమును విచారింపవలెను. అమరసింహుడు తన నిఘంటువున సైరంధ్రి యనగా పరుల యింట నుండియు తన వశమందే యుండి, శిల్పకర్మ చేయునది యని అర్థము చెప్పెను. ఇందు రెండు లక్షణములు కలవు. నివాసము పరులది, వశము తనది. దాసికి ఈ రెండవ లక్షణము లేదు. సైరంధ్రి కురులు దువ్వుట, పూలదండలు గ్రుచ్చుట, మైపూతలు నూరుట మొదలగు విద్యలు నేర్చినది. ఆ నేర్పు చేతనే ఆమె కొలువునకు వచ్చును. దానిని ఉపసంహరించుకొని పోవు స్వేచ్ఛయు ఆమెకు కలదు. ద్రౌపది ఈ వేషమునే ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదు. అజ్ఞాతవాసమున రాణి దాసి కాజాలదు, రాణిగా ఉండజాలదు. నడుమనున్న ఒకే తావు సైరంధ్రీత్వము.

కొలువున చేరునపుడు ఆమె పెట్టిన నియమములు సుప్రసిద్ధములు. ఎంగిలి ముట్టదు, ఒరుల కాళ్లు కడుగదు, తన్ను గంధర్వులైన భర్తలు ఐదుగురు మరుగున నుండి కాచుచుందురు గనుక ఎవ్వరును తనయెడ చెడుతలంపు వహింపరాదు. సుదేష్ణ వీని నంగీకరించెను. వ్యాసమూలమున దీనికి ‘సమయము’ అని పేరు. సమయమనగా ఒడంబడిక.

ఈ ఒడంబడికను నేటి లోకమున ఒక ఏర్పాటుతో పోల్చి చూచుట ఉపకరించును. ఐరోపా దేశములలో యువతులు పరదేశమునకు పోయి, ఒక కుటుంబమున ఉండి, పిల్లలను చూచుకొనుచు, ఆ దేశపు భాషను నేర్చుకొను పద్ధతి కలదు. దానిని ఫ్రెంచి మాటతో ‘ఓ పేర్’ అందురు. సరిసమానముగా అని దాని యర్థము. 1969 నవంబరు 24న స్ట్రాస్‌బర్గు నగరమున ఐరోపా మండలి దీనిని గూర్చి ఒక ఒప్పందమును సంతకములకు ఉంచెను. వయస్సు 17 మొదలు 30 సంవత్సరముల లోపల నుండవలెను. నివాసము మొదట ఒక యేడు, మొత్తముమీద రెండేండ్లు మించరాదు. ఇంటిపని సాధారణముగా దినమునకు 5 గంటలకు మించరాదు. వారమున కొక దినము పూర్తి విరామము, భాష నేర్చుటకు తగిన వ్యవధి, భోజనము, వసతి, చేతిఖర్చు ఇయ్యవలెను. ఇవి యన్నియు వ్రాతపూర్వకముగా ఉండవలెను. అమరసింహుని నిర్వచనమును ఈ ఒప్పందముతో సరిచూచినచో నివాసము పరులది, వశము తనది యను సూత్రమే రెంటను కానవచ్చును.

అయితే తిక్కన ప్రతిభ ఒడంబడికను చెప్పుటయందు కాక, అది చెడిన తీరును చూపుటయందు ప్రకాశించినది. సుదేష్ణ సహజముగా దుష్టురాలు కాదు. సోదరుడైన కీచకుని మొదట వారింపజూచినది. తుదకు అతని దురవస్థకు జాలిపడి లొంగినది. ఆమె సైరంధ్రితో నీవు కీచకునికి వశురాలవు కమ్మని చెప్పలేదు. మద్యము తెమ్మని మాత్రమే చెప్పినది. ఇందలి సూక్ష్మమును గమనింపవలెను. ఎంగిలి, పాదప్రక్షాళనము నియమములలో నున్నవి. ఎవరి యింటికైనను పోయి వస్తువు తెచ్చుట నిషేధములలో లేదు. యజమానురాలు ఒడంబడిక అక్షరమును దాటకయే దాని ప్రాణమును తీసినది. సైరంధ్రి పరిచారికలు పెక్కుమంది యున్నారు, వేరొకతెను పంపుమని వేడుకొనును. మూలమున నయితే ప్రవేశకాలమునాటి సమయమును సుదేష్ణకు స్పష్టముగా గుర్తుచేయును. సుదేష్ణ, నేను పంపగా నీకేమి భయమని కనకపాత్రము చేతికిచ్చును. పరుల యింట పనిచేయు స్త్రీకి కలుగు కీడు బహిరంగ శత్రుత్వముగా కాక ఒక చిన్న పనిగా వచ్చునని తిక్కన ఎరిగిన సత్యము.

రెండవ వైఫల్యము సభలో జరుగును. కీచకుడు ఆమెను సభలోనే కాలదన్నగా విరాటుడు అతనిని దండింపజాలకుండెను. బావమరది బలము రాజ్యమునకు ఆధారము. సైరంధ్రి పక్షమున చెప్పగల భర్తలు అజ్ఞాతవాస నియమముచే నోరు మెదపలేకుండిరి. ఇక మూడవ ఘట్టము మిక్కిలి విచిత్రము. కీచకుడును ఉపకీచకులును నశించిన పిమ్మట రాజు భయపడి, సైరంధ్రిని వెళ్లిపొమ్మని రాణిచే చెప్పించును. అపరాధి చచ్చిన పిదప బాధితురాలికే ఉద్వాసన! ఆమె పదమూడు దినముల గడువు వేడి పొందినది. ఆ గడువు అజ్ఞాతవాసపు లెక్కకు సంబంధించినదే యైనను, పని విడుచు కాలమును నిర్ణయించుకొనుటలో సైరంధ్రి స్వవశ యను మాట చివరిసారిగా నిలబెట్టుకొన్నదని చెప్పవచ్చును.

ఇక మరాఠీ సైరంధ్రి. కృష్ణాజీ ప్రభాకర ఖాడిల్కర్ రచించిన ‘కీచకవధ’ నాటకము 1907లో రంగమెక్కెను. ప్రేక్షకులు కీచకునియందు కర్జనును, ద్రౌపదియందు భరతమాతను, ధర్మరాజునందు మితవాదులను, భీమునియందు అతివాదులను దర్శించిరి. 1910లో ప్రభుత్వము దానిని నిషేధించెను. పౌరాణిక కథను జాతీయోద్యమమునకు ఆయుధముగా మలచిన ఆ ప్రతిభ అసామాన్యము. కాని ఆ మలపులో ఒకటి జారిపోయినది. సైరంధ్రి దేశమాత కాగానే ఆమె చేతనున్న దువ్వెన, పూలదండ, గంధపుగిన్నె అప్రధానము లయ్యెను. దేశమునకు జరిగిన అవమానము కనబడెను. కొలువున నున్న స్త్రీకి జరిగిన అన్యాయము ఆ వెలుగులో మరుగుపడెను. తిక్కన పర్వమున అట్లు కాదు. వలలుని వంటిల్లు, నర్తనశాల, రాణివాసము అను పనిచోట్లయందే కథ నడచును. తెలుగు చిత్రము ‘నర్తనశాల’ (1963) సయితము ఈ గృహవాతావరణమును చాలవరకు నిలిపినది.

ఒడంబడిక యే లేనిచో ఏమగునో తెలిసికొనుటకు తెలుగు నవల చాలును. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969) నవలలోని వనజ ఆడబాప. దొర బిడ్డ పెండ్లియై అత్తవారింటికి పోవునపుడు వెంట పంపబడు పిల్లకు తెలంగాణమున ఆ పేరు. ఆమెకు జీతము లేదు, గడువు లేదు, పెండ్లి లేదు. కన్న బిడ్డలకు ఆస్తిలో పాలు లేదు. సైరంధ్రివలె ఆమెయు రాణివాసమున నుండునదే, పూలు కట్టునదే. కాని స్వవశ యను మాట ఆమెకు చెల్లదు. సైరంధ్రిని కాచిన గంధర్వులు ఆమెకు లేరు. విరాటపర్వమున ఉల్లంఘింపబడినది నియమము. గడిలో ఉల్లంఘించుటకైనను నియమము లేదు.

ఇచ్చట సిరొంచ పలుకుబడి ఒక విశేషమును తెలుపును. మరాఠీలో ‘గఢీ’ యనగా చిన్నకోట. ‘గడీ’ యనగా పనివాడు, ఆటలో జోడుకాడు కూడ. మహాప్రాణము నిలువని తెలుగు నోట రెండును ‘గడి’ యే అగును. తెలంగాణమున గడి యనగా దొర కోట. ఈ విధముగా యజమాని యిల్లు, ఆ యింటి పనివాడు, సమానుడైన చెలికాడు మువ్వురును ఒకే శబ్దమున కలిసిపోవుదురు. భేదము వినువాని తెలివిపై నిలుచును. ‘జీతము’ అను మాటయు ఇట్టిదే. అది ‘జీవిత’ శబ్దమునకు వికృతి. బ్రదుకును, బ్రదుకున కిచ్చు వెలయు ఒకే మాటయైన భాషలో జీతముండుట యనగా బ్రదుకునే తాకట్టు పెట్టుట యైన కాలము కలదు. 1976నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము నిషేధించిన పద్ధతుల జాబితాలో జీతము, పాలేరు, భాగేలా, వెట్టి అను పేర్లు చేరుట తెలుగువారు తలవంచుకొని చదువవలసిన విషయము.

ద్రౌపది నిజముగా పనికత్తె కాదు, మారువేషమున నున్న రాణి, ఆమె కథను శ్రామికస్త్రీ కథగా చదువుట పొసగదని ఆక్షేపింపవచ్చును. ఇది విచారింపదగిన ఆక్షేపమే. కాని సుదేష్ణకు గాని, కీచకునికి గాని, సభకు గాని ఆమె రాణియని తెలియదు. వారు ప్రవర్తించినది ఒక సైరంధ్రిపట్ల. వారి ప్రవర్తనమును కొలుచుటకు ఆమె జన్మముతో పనిలేదు. పైగా భీముడే లేనిచో ఆమె గతి యేమి యను ప్రశ్నను పాఠకుని యెదుట నిలుపుటకే కవి ఆమెను రాజసభలో ఏకాకిని చేసెను.

నేడు కడప సీమనుండి, గోదావరి జిల్లాలనుండి వేలకొలది స్త్రీలు కువైటు మొదలగు దేశములలో ఇండ్లలో పనిచేయుచున్నారు. అరబ్బీ మాట ‘ఖద్దామా’ వారి ఊళ్లలో తెలుగు మాటయే యైనది. ఐరోపా ఒప్పందమున 30 యేండ్లు పై హద్దు. గల్ఫు దేశములకు ఇంటిపనికై వలస అనుమతి కోరు తక్కువ చదువుల భారతస్త్రీకి 30 యేండ్లు క్రింది హద్దుగా నియమింపబడినది. అక్కడ యౌవనము భాష నేర్చుటకు అదనుగను, ఇక్కడ అపాయముగను ఎన్నబడినవి. కువైటు 2015లో ఇంటిపనివారికై ప్రత్యేక శాసనము చేసి వారపు సెలవును, 12 గంటల పరిమితిని విధించినది. అక్షరములో నియమములు పెరుగుచున్నవి. అయినను తలుపు మూసిన యింటిలో మద్యము తెమ్మను చిన్న ఆజ్ఞకు అడ్డువచ్చునది ఏది యను తిక్కన ప్రశ్న అట్లే నిలిచియున్నది.

విరాటపర్వము వానకొరకు చదువబడుట మంచిదే. పురాణము వినుచున్నవారి యిండ్లలోను అంట్లు తోమునది, పసిబిడ్డను ఎత్తునది, ఊరు విడిచి వచ్చినది ఎవతెయో ఒకతె యుండవచ్చును. సుదేష్ణ చేసిన వాగ్దానము చదువునపుడు ఆ యింటి యిల్లాలు ఒక్క క్షణము ఆగి వినినచో, తిక్కన ఆ నియమములను వ్రాసినందుకు ఫలము దక్కినట్లే.