బ్రిటన్‌లో పెద్ద మార్జాలాలు: రుజువు ఎంత, ఊహ ఎంత?

ఇంగ్లండుకు నైరుతి మూలనున్న కార్న్‌వాల్ మండలంలో బాడ్మిన్ మూర్ అనే విశాలమైన బీడు భూమి ఉన్నది. గడ్డి, బండరాళ్ళు, తరచుగా కమ్ముకొనే పొగమంచు అక్కడి ప్రకృతి. గొర్రెల పెంపకం అక్కడివారి జీవనాధారం. 1980 తర్వాతి సంవత్సరాలలో ఈ ప్రాంతంలో పెద్ద నల్లని జంతువొకటి తిరుగుతున్నదనీ, గొర్రెలను చంపుతున్నదనీ మాట పుట్టినది. పత్రికలు దానికి ‘బాడ్మిన్ మృగం’ అని పేరు పెట్టినవి.

ఇటువంటి మాట పుట్టడం అది మొదటిసారి కాదు. 1960 తర్వాత లండనుకు సమీపంలోని సర్రే మండలంలో ప్యూమా సంచరిస్తున్నదని వదంతి లేచినది. గోడాల్మింగ్ పోలీసు స్టేషనులో రెండేళ్ళ కాలంలో మూడు వందలకు పైగా కథనాలు నమోదైనవి. 1983లో ఎక్స్‌మూర్ ప్రాంతపు రైతు ఒకరు మూడు నెలలలో నూరుకు పైగా గొర్రెలు పోయినవని చెప్పగా, బ్రిటిషు మెరైన్ సైనికులు తుపాకులు ధరించి పొదలలో మాటు వేశారు. జంతువు మాత్రం చిక్కలేదు.

ఈ కథనాలను నవ్వి తోసివేయడం సులభం. నమ్మివేయడం అంతకంటె సులభం. రెండూ శాస్త్రీయ పద్ధతులు కావు. ఈ వివాదంలో ఉభయపక్షాలూ రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపివేస్తున్నవి. ఒకటి: బ్రిటన్‌లో ఎన్నడైనా ఒక పెద్ద మార్జాలం బోను వెలుపల తిరిగినదా? రెండు: అటువంటి మార్జాలాలు అక్కడ పిల్లలను కని, తరతరాలుగా జీవిస్తున్నవా? మొదటిదానికి దొరికిన సాక్ష్యాన్ని రెండవదానికి రుజువుగా చూపడమే ఈ వివాదంలోని మూలదోషం.

తప్పించుకున్న జంతువులు

మొదటి ప్రశ్నకు సమాధానం నిస్సందేహంగా ‘అవును’. ఒకప్పుడు బ్రిటన్‌లో క్రూరమృగాలను పెంచుకొనడానికి అడ్డు లేకుండెను. 1969లో లండనులోని హారడ్స్ దుకాణంలో ఇద్దరు యువకులు ఒక సింహపు పిల్లను కొనుక్కున్నారు. 1976లో ప్రమాదకర వన్యమృగాల శాసనం వచ్చి లైసెన్సును తప్పనిసరి చేసినది. ఖర్చుకు, తనిఖీలకు వెరచి కొందరు యజమానులు తమ జంతువులను రహస్యంగా వదలివేశారన్నది ఈ వాదానికి ఆధారం. ఈ ఊహ అసంభవమైనది కాదు.

రుజువైన సంగతులూ ఉన్నవి. బ్రిస్టల్ నగరపు మ్యూజియంలో 1903 ప్రాంతంలో వచ్చి చేరిన ఒక లింక్స్ అవశేషాలున్నవి. అది డెవన్ మండలంలో తుపాకి గుండుకు చచ్చిన జంతువు. 2013లో ప్రచురితమైన పరిశోధన దానిని కెనడా లింక్సుగా గుర్తించినది. దాని దంతాల స్థితిని బట్టి అది చాలా కాలం బంధనంలో గడిపినదని తేలినది. 1980లో స్కాట్లండులోని కానిచ్ వద్ద ఒక ప్యూమా బోనులో చిక్కినది. అది మనుషులకు బాగా మచ్చికైనది. 2001లో ఉత్తర లండనులో ఇళ్ళ నడుమ ఒక లింక్స్ పట్టుబడినది. 2025 జనవరిలో స్కాట్లండు కొండలలో ఎవరో చట్టవిరుద్ధంగా వదలిన నాలుగు లింక్సులు కొద్ది రోజులలోనే వరుసగా చిక్కినవి. వాటిలో ఒకటి పట్టుబడిన తర్వాత మరణించినది.

అయితే పైని ఉదాహరణలలో ఏ ఒక్క జంతువూ బ్రిటన్ అడవులలో పుట్టినట్లు రుజువు కాలేదు. నిజంగా జంతువు ఉన్నచోట అది బోనుకో, తుపాకికో, కెమెరాకో చిక్కుతూనే ఉన్నది. 2025 నాటి సంఘటన ఈ విషయంలో మంచి పాఠం. మంచు కప్పిన విశాలమైన కొండలలో సైతం నాలుగు జంతువులు వారం దినాలు దాగలేకపోయినవి.

తరతరాల లెక్క

ఇక రెండవ ప్రశ్న. అడవిలోని చిఱుతపులి సాధారణంగా పదిహేనేళ్ళకు మించి బ్రతకదు. బంధనంలోనైనా ఇరవై ఏళ్ళు దాటి బ్రతికేవి అరుదు. 1976లో వదలిన జంతువులేవీ 2000 తర్వాత మిగిలియుండవు. కనుక ఈనాడు కనబడుతున్నవని చెప్పే జంతువులు వాటి సంతానమై ఉండవలెను. సంతానం కొనసాగవలెనంటే ఆడ, మగ జంతువులు తగినన్ని ఉండి, ఒకదానినొకటి వెదకి కలుసుకొనవలెను. అనగా ఒకటి రెండు జంతువులతో తీరే లెక్క కాదిది. కొన్ని పదుల జంతువులు కావలెను.

అన్ని జంతువులున్నచోట ఏమి జరుగుతుందో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రం చూపుతున్నది. అక్కడి చిత్తడి అడవులలో ఉన్న ప్యూమాలు సుమారు 120 నుండి 230 వరకని అధికారుల అంచనా. ఇంత తక్కువ సంఖ్యలో ఉన్నప్పటికీ ఇంచుమించు ప్రతి సంవత్సరమూ పదికి పైగా ప్యూమాలు మోటారు వాహనాల క్రింద పడి చనిపోతున్నవి. బ్రిటన్‌లో రహదారులు ఫ్లారిడా అడవులలోకంటె ఎంతో దట్టంగా ఉన్నవి. అక్కడ బాడ్జర్లు, నక్కలు, జింకలు ఏటేటా వేల సంఖ్యలో వాహనాలకు బలియౌతున్నవి. చిఱుత కళేబరం మాత్రం ఏదీ రోడ్డుపై దొరకలేదు. చిఱుతలు నిజంగా ఉన్న తిరుమలలో 2023 ఆగస్టులో విషాదం జరిగిన కొద్ది దినాలకే చిఱుత బోనులో చిక్కిన సంగతి తెలుగు పాఠకులకు గుర్తుండియే ఉండును.

రంగు సంగతి కూడ విచారించవలెను. బ్రిటన్‌లో సాక్షులు ఎక్కువగా నల్లని జంతువునే చూచినట్లు చెబుతారు. ప్యూమాలలో నల్లనిది ఉన్నట్లు ఇంతవరకు రుజువు లేదు. ప్రపంచంలోని చిఱుతలలో నల్లనివి సుమారు నూటికి పదకొండు మాత్రమే. అయితే ఈ వాదాన్ని అతిగా సాగదీయరాదు. చిఱుతలో నలుపు అంతర్గత లక్షణం; నల్లని తల్లిదండ్రులకు పుట్టే పిల్లలన్నీ నల్లనివే. నల్లచిఱుతలనే ముచ్చటపడి కొని వదలివేసి ఉంటే ఈనాడు నల్లనివే కనిపించవచ్చును. కనుక రంగు అనుమానానికి తావిచ్చును గాని, ఒంటరిగా దేనినీ తేల్చజాలదు.

కంటి సాక్ష్యమూ, కొలబద్దా

1995లో బ్రిటిషు వ్యవసాయ మంత్రిత్వశాఖ బాడ్మిన్ మూర్ సంగతిపై విచారణ జరిపినది. విచారణ చేసినవారు అనుసరించిన పద్ధతి మెచ్చదగినది. జంతువును ఫోటో తీసిన చోటులకే వెళ్ళి, అది నిలుచున్న గోడ ప్రక్కన, కంచె ప్రక్కన కొలతబద్దను నిలిపి మరల ఫోటోలు తీశారు. భయంకరంగా తోచిన మృగం పలుచోట్ల పెంపుడు పిల్లి ఎత్తుకు దిగివచ్చినది!

దీనికి కారణం రేఖాగణితం. ముప్పై సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లి యాభై మీటర్ల దూరంలోనూ, అరవై సెంటీమీటర్ల ఎత్తున్న చిఱుత నూరు మీటర్ల దూరంలోనూ కంటి వద్ద ఒకే కోణం చేస్తాయి. దూరం తెలియకుండా పరిమాణాన్ని నిర్ణయించడం కంటికి సాధ్యం కాదు. చెట్లు, ఇళ్ళు లేని బీడు భూమిలో, సంధ్యవేళ, దూరాన్ని అంచనా కట్టడం మరింత కష్టం. సాక్షి అబద్ధమాడనక్కరలేదు, కన్ను పొరపడితే చాలును. పైగా స్కాట్లండులో పెంపుడు పిల్లికి, అడవి పిల్లికి పుట్టిన పెద్ద నల్లని సంకర జాతి పిల్లులు నిజంగానే ఉన్నవి. 1984లో కెల్లాస్ గ్రామం వద్ద దొరికినదానిని బట్టి వాటికి కెల్లాస్ పిల్లులని పేరు వచ్చినది.

విచారణ నివేదిక రెండు మాటలు చెప్పినది: పెద్ద మార్జాలం ఉన్నదనడానికి నిర్ధారించదగిన సాక్ష్యం లేదు, లేనేలేదని నిరూపించడమూ సాధ్యం కాదు. నమ్మేవారు రెండవ మాటను పట్టుకొన్నారు, నమ్మనివారు మొదటి మాటను పట్టుకొన్నారు. నిజానికి రెండవ మాట బాడ్మిన్ మృగానికి ప్రత్యేకం కాదు. ఏ వస్తువు విషయంలోనైనా అంతే. ‘ఉన్నది’ అనేవారిదే రుజువు చూపే బాధ్యత అన్న సూత్రాన్ని నివేదిక ఇంకా స్పష్టంగా చెప్పియుంటే బాగుండేది.

నివేదిక వెలువడిన కొద్ది రోజులకే ఫోయీ నదిలో ఒక బాలునికి పెద్ద పుఱ్ఱె దొరికినది. పరీక్షలో అది నిజంగా చిఱుతదే అని లండనులోని ప్రకృతి చరిత్ర మ్యూజియం నిపుణులు తేల్చారు. కాని దాని వెనుక భాగం కోసివేసి ఉన్నది. ఎముకపై కత్తి గాట్లున్నవి. లోపల ఉష్ణమండలపు బొద్దింక గ్రుడ్ల సంచి ఉన్నది. అది ఎవరో విదేశం నుండి తెచ్చుకున్న చిఱుత చర్మపు తివాచీకి చెందిన తల! ‘చిఱుతదే’ అన్న జవాబుతో ఆగిపోయియుంటే సత్యం తలక్రిందులయ్యేది. ‘ఇది ఇక్కడికెట్లా వచ్చినది?’ అన్న రెండవ ప్రశ్న దానిని కాపాడినది.

డి.ఎన్.ఏ. పరీక్ష

నమ్మేవారికి అందిన అన్నిటికంటె బలమైన ఆధారం 2024లో వెలువడినది. ఉత్తర ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్టులో చనిపోయిన గొర్రెపై నుండి తీసిన నమూనాలో ‘పాంథెరా’ ప్రజాతికి చెందిన డి.ఎన్.ఏ. ఉన్నట్లు వారిక్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో తేలినది. సింహం, పెద్దపులి, చిఱుత, జాగ్వార్ మొదలైనవి ఈ ప్రజాతిలోనివి. 2012లో అదే విశ్వవిద్యాలయంలో గ్లాస్టర్‌షైరు జింక కళేబరాలను పరీక్షించినప్పుడు నక్క డి.ఎన్.ఏ. మాత్రమే కనిపించినది.

2024 ఫలితాన్ని తేలికగా తీసివేయడం తగదు. అయితే అది ఏ జంతువుదో జాతి వరకు తేలలేదు. నమూనా సేకరణలోగాని, ప్రయాణంలోగాని, ప్రయోగశాలలోగాని పరాయి డి.ఎన్.ఏ. అణుమాత్రం చేరినా ఇటువంటి పరీక్ష పొరబడవచ్చును. అదే ప్రాంతంలో మరల నమూనాలు దొరికి, వేరొక ప్రయోగశాలలో అదే ఫలితం వస్తే ఆ ఆధారం బలపడును. అప్పుడైనా అది తేల్చేది మొదటి ప్రశ్ననే. ఒక గొర్రెపై ఒక నమూనా ఒక జంతువును చూపగలదు, వంశాన్ని చూపజాలదు.

తేలినదేమి?

విడి విడి జంతువులు బ్రిటన్‌లో తప్పించుకు తిరిగినవి. ఇక ముందూ తిరుగవచ్చును. తరతరాలుగా జీవిస్తున్న సంతతి ఉన్నదనడానికి మాత్రం ఇంతవరకు కళేబరం లేదు, పిల్లలు లేవు, సందేహానికి తావులేని ఛాయాచిత్రం లేదు. మూడు వందల బలహీన సాక్ష్యాలను పోగు చేసినంత మాత్రాన ఒక బలమైన సాక్ష్యం కాదు.

ఈ నిర్ణయం రైతును అవమానించడానికి కాదు. గొర్రె చచ్చినది నిజం, నష్టం నిజం. అపహాస్యానికి జడిసి అతడు నోరు మూసుకొన్ననాడు, కళేబరాన్ని వెంటనే పరీక్షించే అవకాశం పోవును. కుక్కో, నక్కో, మరేదో తేలకుండానే పోవును. వదంతికి అటువంటి అజ్ఞానమే ఆహారం.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో పాఠంగా చేయవచ్చును. పాఠశాల మైదానంలో వేర్వేరు దూరాలలో అట్టతో చేసిన నల్లని పిల్లి బొమ్మలను, చిన్నవీ పెద్దవీ, నిలిపి, వాటి ఎత్తు ఎంతో విద్యార్థులచేత వ్రాయించవలెను. తర్వాత కొలతబద్ద తెచ్చి కొలిపించవలెను. తమ కళ్ళు ఎంత పొరపడినవో చూచుకొన్న విద్యార్థి, ఇతరుల సాక్ష్యాన్ని అపహసించడు. పరీక్షించకుండా నమ్మనూ నమ్మడు.