గుడిదీర్ఘం

నాలుగో తరగతిలో ‘మా ఇల్లు’ మీద పది వాక్యాలు రాయమన్నారు సారు. ‘మా అమ్మీ పొద్దున్నే లేస్తుంది’ అని మొదలుపెట్టాను. నోటుబుక్కు తిరిగొచ్చింది. ఆరుచోట్ల అమ్మీ అని రాస్తే ఆరుచోట్లా గుడిదీర్ఘం మీద ఎర్రసిరా గీత. సారు చెడ్డవాడేం కాదు. తప్పు దిద్దాననుకున్నాడు. ఆ రోజునుంచి నోట్లో అమ్మీ, కాగితం మీద అమ్మ. చాలా ఏళ్లు అట్లాగే నడిచింది.

షాజహానా కవితల పుస్తకం ‘నఖాబ్’ 2005లో వచ్చింది. మా జిల్లా కవి దిలావర్ బిడ్డ ఆమె. అంతకుముందు ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991), స్కైబాబా సంపాదకత్వంలో ‘జల్‌జలా’ (1998) చదవకపోలేదు. తెలుగులో ముస్లిం గొంతు గట్టిగా వినబడింది వాటితోనే. కానీ ఆ కొట్లాట ఎక్కువగా గడప బయటివాళ్లతో. ఆడమనిషి రాయడానికి కూర్చుంటే గడపకు రెండు దిక్కులా జవాబు చెప్పుకోవాలి. బయట ‘మీరు ఎక్కడివాళ్లు?’ అంటారు. లోపల ‘ఇవన్నీ నలుగురిలో పెడతావా?’ అంటారు. షాజహానా రెంటికీ ఒకే నోటితో, ఇంటి ఉర్దూ వాకిట్లో తెలుగుతో కలిసిపోయిన మాటలో జవాబిచ్చింది. ఆమె కథల పుస్తకం పేరు ‘లద్దాఫ్ని’. లద్దాఫ్ అంటే దూదేకులాయన. చివర ఆ ‘ని’ చేరితే ఆడమనిషి. తెలియనివాళ్లు అడిగి తెలుసుకుంటారు, అంతే. నాకు నా గుడిదీర్ఘం తిరిగి దొరికింది అక్కడే.

షాజహానాను చదువుతుంటే పాలస్తీనా కవయిత్రి ఫద్వా తూకాన్ గుర్తొస్తుంది. ఆమె 1917లో నబ్లూస్‌లో పుట్టింది. ఎవరో పిల్లవాడు మల్లెపువ్వు ఇచ్చాడని బడి మాన్పించారు. అన్న ఇబ్రహీం కవి. ఇంట్లోనే కూర్చోబెట్టి కవిత్వం నేర్పాడు. 1941లో అతను పోతే ఆమె కలం ఏడుపు పట్టుకుంది. అరబ్బు ఆడవాళ్లకు ఈ విద్య కొత్తది కాదు, ఏడో శతాబ్దంలోనే అల్ ఖన్సా చనిపోయిన అన్నదమ్ముల కోసం పాడింది. అయితే ఈ కథల్లో నాకొక ముల్లు గుచ్చుకుంటుంది. అక్కడ అన్న కవి, ఇక్కడ తండ్రి కవి. కవి లేని ఇళ్లలో పుట్టినవాళ్ల మాట ఎవరికి అందింది? మా నాని సంగతే తీసుకోండి. పీర్ల పండక్కి అలావా చుట్టూ మొగవాళ్లు పాడుతుంటే గోడవారన నిలబడి మొత్తం నోటికి పట్టేది. సంతకం మాత్రం వేలిముద్ర.

నాని ఖబర్ కుక్కునూరులో ఉంది. 2009లో మట్టి చేసినప్పుడు అది ఖమ్మం జిల్లా. 2014లో పశ్చిమ గోదావరి అయింది, 2022లో ఏలూరు అయింది. ఆమె కదలలేదు, జిల్లాలే కదిలాయి. అదే 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. ఖబ్రస్తాన్ కనబడట్లేదని మామూ ఫోన్ చేశాడు. నీళ్లు తీశాక వెళ్తే ఒండ్రు అంతా ఒకటే మట్టం. తలాపున పెట్టిన రాయి కోసం మామూ గడ్డపారతో పొడిచి చూస్తుంటే ‘మెల్లగా, మెల్లగా’ అని అమ్మీ అరుస్తూనే ఉంది. పోలవరం ప్రాజెక్టులో నీళ్లు నిండుగా నిలిపిన రోజు ఆ వెతుకులాట కూడా ఉండదు.

ఇది రాసి మొన్న ఒకరికి చూపిస్తే ‘ఖబ్రస్తాన్’ తీసి ‘శ్మశానం’ పెట్టమన్నారు, అందరికీ అర్థమవుతుందట. శ్మశానంలో కాలుస్తారు. మా నానిని పడుకోబెట్టాం. మార్చలేదు.

రాత్రి ఫోన్‌లో అమ్మీకి చదివి వినిపించాను. మొత్తం విని, ‘జిల్లా ఏం రాసినవ్?’ అంది.

‘ఇప్పుడు ఏలూరే కదా అమ్మీ.’

‘ఏలూరు ఆమెకేం తెలుసు బేటా? ఖమ్మం అని రాయి.’