పేరు దాచిన ఫొటోలు

ఫోన్ల బ్యాటరీలను పోల్చే ముందు జీఎస్ఎం అరీనా వెబ్‌సైట్ సమీక్షకులు ప్రతి తెర వెలుగునూ 200 నిట్స్‌కు సరిచేస్తారు. మసక తెరతో నెట్టుకొచ్చిన ఫోను గెలిచిపోకుండా! ఎంత ముచ్చటైన జాగ్రత్త!

కెమెరాల దగ్గర చిక్కు వేరు. అక్కడ చూసే కంటికే బ్రాండు మీద మోజు ఉంటుంది. అందుకే అమెరికా యూట్యూబర్ మార్కెస్ బ్రౌన్లీ 2022లో 16 ఫోన్లతో ఒకే దృశ్యాలను తీసి, పేర్లు దాచి, రెండేసి ఫొటోలు పక్కపక్కన చూపించి జనాన్నే ఎంచుకోమన్నారు. చదరంగంలో వాడే ఈలో పద్ధతిలో ర్యాంకులు కట్టారు: బలమైన ఫొటోను ఓడిస్తే ఎక్కువ పాయింట్లు, బలహీనమైనదాన్ని ఓడిస్తే తక్కువ. 2 కోట్లకు పైగా ఓట్లు పడ్డాయి.

మొదటి స్థానం ఖరీదైన ఫ్లాగ్‌షిప్‌లకు కాదు, గూగుల్ మధ్యశ్రేణి ఫోను పిక్సెల్ 6ఏకు దక్కింది. జేబు చూసుకుని కొనేవారికి ఎంత విలువైన కబురో!