ఎర్ర వెలుగు, పసుపు పిన్ను

చాలా టీవీల వెనక, గోడ వైపున, చిన్న చదరపు రంధ్రం ఒకటి ఉంటుంది. దానికో బుల్లి తలుపు. ప్లగ్ నెట్టితే లోపలికి ఒరుగుతుంది, తీస్తే దుమ్ము పోకుండా తనంతట తనే మూసుకుంటుంది. కేబుల్ ఒక కొస అందులో పెట్టి రెండో కొసను అరచేతి దగ్గర పట్టుకుంటే ఎర్రటి చుక్క పడుతుంది. అదే ఆప్టికల్. తోషిబా తన సీడీ ప్లేయర్లను రిసీవర్లకు కలపడానికి 1983లో తెచ్చిన ఈ పద్ధతి పేరు టాస్‌లింక్. డీవీడీ ప్లేయర్ల వెనక తరచుగా నారింజ రంగులో కనిపించే గుండ్రటి సాకెట్ కోయాక్సియల్. అందులో నడిచేది కరెంటు.

రెండిట్లో ఏది కొనాలని షాపులో అడిగితే ఖరీదైనదే చూపిస్తారు. కానీ రెండూ మోసేది ఒకే సంకేతాన్ని: సోనీ, ఫిలిప్స్ కలిసి రూపొందించిన ఎస్‌పీడీఐఎఫ్‌ని. నాకు కేబుళ్ల కన్నా ఆ సంకేతాన్ని అల్లిన తీరే ముచ్చటేస్తుంది.

సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. ఎస్‌పీడీఐఎఫ్ ఒక్కో కొలతకు, కుడి ఎడమలు కలిపి, 64 బిట్లు పంపుతుంది. అంటే సెకనుకు 28 లక్షల పైచిలుకు బిట్లు. ఇంత వేగంగా ఒకే దారిలో వచ్చిపడుతుంటే ఒక బిట్ ఎక్కడ ముగిసిందో, మరొకటి ఎక్కడ మొదలైందో అవతలి పెట్టెకు తెలిసేదెలా? గడియారానికి వేరే తీగ లేదు. అందుకని ప్రతి బిట్ మొదట్లోనూ సంకేతం తప్పనిసరిగా తిరగబడుతుంది: పైనుంటే కిందికి, కిందుంటే పైకి. ఆ బిట్ ఒకటి అయితే మధ్యలో ఇంకోసారి తిరగబడుతుంది, సున్నా అయితే ఊరుకుంటుంది. పాడుతూనే తొడ మీద తాళం వేసుకునే విద్వాంసుడిలా, సమాచారమే తన లయను వెంటబెట్టుకొస్తుంది. లెక్కంతా మార్పుకే కాబట్టి తీగల ప్లస్సు, మైనస్సు తారుమారైనా అర్థం చెడదు.

ఇంతకన్నా గడుసు పని మరొకటుంది. ఎడమ కొలతకూ కుడి కొలతకూ ముందు ఈ నియమాన్ని కావాలనే తప్పిస్తారు. సంకేతం ఒకటిన్నర బిట్ల సేపు కదలకుండా నిలిచిపోతుంది. మామూలు సమాచారంలో అంత సేపు నిలవడం అసాధ్యం, ఒక బిట్ దాటకముందే తిరగబడాలి కదా! కాబట్టి ఆ నిలుపుదల తగలగానే కొత్త కొలత మొదలైందని రిసీవర్‌కు తెలిసిపోతుంది. తప్పునే గుర్తుగా వాడుకున్నారన్నమాట.

ఇక దారుల సంగతి. కోయాక్సియల్‌లో సంకేతం బలం అర వోల్టే. తీగకు కావలసిన లక్షణం 75 ఓముల ఇంపెడెన్స్. అది తేడాపడితే సంకేతంలో కొంత కొసదాకా వెళ్లి వెనక్కి తిరిగొస్తుంది. వీసీడీ ప్లేయర్‌తో వచ్చిన ఎరుపు, తెలుపు, పసుపు తీగలు అటక మీద ఉంటే దించండి. అందులో పసుపుది వీడియోకు చేసింది, వీడియోకూ 75 ఓములే ప్రమాణం. రెండు చివర్లా కోయాక్సియల్ సాకెట్‌కు పట్టే పిన్నే. డిజిటల్ ఆడియోకు భేషుగ్గా సరిపోతుంది.

ఆప్టికల్‌లో ఉన్నది ఒక మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ పోగు. టెలిఫోన్ కంపెనీలు వాడే గాజు పోగులో వెలుగు నడిచే భాగం దీని ముందు ఎంతో సన్నం. ఇది ఇంత లావుగా ఉండటం వల్లే లేజర్ అక్కర్లేకుండా ఎర్ర ఎల్ఈడీతో పని జరుగుతోంది. చేత్తో నెట్టిన ప్లగ్ అటూ ఇటూ వెంట్రుకవాసి జరిగినా వెలుగు అందుతుంది. అయితే ప్లాస్టిక్ వెలుగును మింగుతుంది కాబట్టి 5 మీటర్ల లోపు వాడటం మేలు. గోడకూ టీవీకీ మధ్య నలిగి మడతపడితే వెలుగు పక్కలకు కారిపోతుంది. 192 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 1,92,000 సార్లు కొలిచిన రికార్డింగులకు కొన్ని ఆప్టికల్ సాకెట్లు తూగవు, కోయాక్సియల్ సాధారణంగా తూగుతుంది. ఆప్టికల్ ప్లగ్గులకూ బంగారు పూత వేసి అమ్ముతున్నారు. వెలుగుకు బంగారం దేనికో వాళ్లే చెప్పాలి.

ఆప్టికల్ అసలు గొప్పతనం, రెండు పెట్టెల మధ్య లోహపు బంధం లేకపోవడం. టీవీకి కేబుల్ కనెక్షన్ తీగ ఒక దారిన ఎర్త్‌ను తెస్తుంది, ఆంప్లిఫయర్ మూడు పిన్నుల ప్లగ్ ఇంకో దారిన తెస్తుంది. రాగి తీగతో ఆ రెండిటినీ కలిపితే వలయం ఏర్పడి స్పీకర్లలో సన్నటి గుర్రుమనే మోత మొదలవుతుంది. వెలుగు గుండా ఎర్త్ ప్రవహించదు, కాబట్టి ఈ దారిలో ఆ మోతకు చోటు లేదు.

అంకెలు చెక్కుచెదరకుండా చేరినంత వరకు, ఓ మోస్తరు మంచి రిసీవర్ ఉన్న ఇంట్లో రెండిటి ధ్వనికీ తేడా వినబడుతుందంటే నేను నమ్మను. రెండిటికీ ఉన్న హద్దు కూడా ఒకటే: స్టీరియో, లేదా కుదించిన డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1. పైనుంచి కూడా ధ్వని వినిపించే డాల్బీ అట్మాస్ కోసం సౌండ్‌బార్ కొంటే ఈ రెండూ వదిలేసి హెచ్‌డీఎమ్ఐ ఈఆర్క్ సాకెట్‌కు కలపండి. అట్మాస్ గొడవ లేకుండా, పెట్టెలు రెండిటికీ కోయాక్సియల్ ఉంటే ముందు పసుపు తీగతో వినండి. గుర్రుమంటే అప్పుడు మామూలు రకం ఆప్టికల్ కొనండి, చివర్ల ప్లాస్టిక్ తొడుగులు తీయడం మాత్రం మరవకండి.