గెలుపు రెండు నెలలు, పోరు ఇరవై నెలలు

ఫిబ్రవరి 26 కువైట్ విమోచన దినం. ఆ రోజు సాల్మియాలో గల్ఫ్ రోడ్డు పొడుగునా పిల్లలు నీటి తుపాకులతో వచ్చేపోయే కార్లను తడిపేస్తూ ఉన్నారు. మా అబ్బాయి కూడా ఒళ్ళంతా తడుపుకొని ఇంటికొచ్చాడు. సెలవు కదా అని సాయంత్రం వాడికి 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ సినిమా పెట్టాను. కృష్ణగారి నూరో సినిమా, తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం, శ్రీశ్రీకి జాతీయ పురస్కారం తెచ్చిన పాట ఉన్న సినిమా అని కాస్త గర్వంగానే ఉపోద్ఘాతం ఇచ్చాను. వాడు కదలకుండా చూశాడు. అయ్యాక ఒకటే ప్రశ్న వేశాడు.

“నాన్నా, అన్నిసార్లు గెలిచినాయన ఎలా ఓడిపోయాడు?”

నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు గానీ, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. రానివ్వకపోవడమే ఆ సినిమా బలం, అదే దాని లోపం కూడా అని ఇప్పుడనిపిస్తోంది.

మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఒక పద్ధతుంది. ఏదైనా వ్యవస్థ కుప్పకూలితే ఎవరిని పొగడాలి, ఎవరిని తిట్టాలి అన్నది తర్వాత సంగతి. ముందు ఏ రోజు ఏం జరిగిందో వరసగా రాసుకొంటాం. మన్యం పోరాటాన్ని కూడా అలాగే రాసుకొని చూశాను.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాలు, 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు. తీసుకొన్నదాన్ని రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మాటువేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికార్లను చంపారు. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చి మరీ కొట్టిన దెబ్బ అది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం. ఇంతవరకూ మన సినిమా, మన బుర్రకథ అన్నీ చెబుతాయి.

కానీ అడ్డతీగల నాటికే పోలీసులు పాఠం నేర్చుకొన్నారు. ఆయుధాలను ముందే ఠాణాల్లోంచి తప్పించారు. దళం వెళ్ళింది, జనం జేజేలు కొట్టారు, కొత్తగా తుపాకులు మాత్రం దొరకలేదు. నా మట్టుకు కథ అక్కడే మలుపు తిరిగింది. శత్రువు ఆయుధాలతోనే శత్రువును కొట్టాలన్న పథకానికి శత్రువు గిడ్డంగికి తాళం వేస్తే చాలు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర మలబార్ పోలీసులతో జరిగిన పోరులో దళం మనుషుల్ని పోగొట్టుకొంది. ఆ తర్వాత నాలుగు నెలలు మౌనం. 1923 ఏప్రిల్లో రాజు అన్నవరంలో కనిపించారు, జనం ఆదరించారు. ఆ సెప్టెంబరులో గాం మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగాయి. మే 7న కొయ్యూరులో మేజర్ గుడాల్ శిబిరంలో, విచారణ లేకుండా, ఇరవై ఆరేళ్ళ రాజును కాల్చి చంపారు. జూన్‌లో గాం గంటందొర కూడా పోరులో నేలకొరిగాడు.

చూశారా? గెలుపులన్నీ మొదటి రెండు నెలల్లోనే. తక్కిన పద్దెనిమిది నెలలూ గింజల కోసం, తూటాల కోసం, దాక్కొనే చోటు కోసం సాగిన యుద్ధం. బువ్వ పెట్టిన ఊళ్ళ మీద పోలీసులు పడ్డారు. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి భరించలేక తిరగబడిన మనుషులే ఈ భారాన్నీ మోశారు. సినిమా ఈ పద్దెనిమిది నెలల్ని చప్పున దాటేసి త్యాగం దగ్గరికి వెళ్ళిపోతుంది. రూథర్‌ఫర్డ్ ఎదుట రాజు చెప్పే త్రిపురనేని మహారథి మాటలకు ఇప్పటికీ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అయితే ఆ మాటల హోరులో ఓటమి కారణాలు వినిపించవు. 2022లో వచ్చిన ‘ఆర్ ఆర్ ఆర్’ కల్పన అని ముందే చెప్పుకొంది, దాన్ని చరిత్ర అడగడం న్యాయం కాదు. కానీ మన పిల్లలకు అదొక్కటే మిగిలితే, ఒంటిచేత్తో వేలమందిని గెలిచే రాజు మిగులుతాడు, గంటందొర మిగలడు.

ఇంకో మాట చెప్పడానికి కొంచెం కష్టంగా ఉంది. మాది తుని దగ్గర పల్లె. మన్యం కొండలకు ఎంతో దూరం కాదు. ఏడు నెలల ఆక్రమణ తర్వాత 1991లో కువైట్‌ను విడిపించడానికి అనేక దేశాల సైన్యాలు వచ్చాయి. మన్యానికి మాత్రం పక్కనున్న మైదానం కూడా రాలేదు. అహింసను నమ్ముకొన్న కాంగ్రెసు దూరంగా ఉండిపోయింది. మా తాతల తరం దండం పెట్టింది, తుపాకి పట్టలేదు. రాజును దేవుణ్ణి చేస్తే ఈ ప్రశ్న తప్పించుకోవచ్చు. దేవుడికి సాయం అక్కర్లేదు కదా! ఆ సినిమా మనందరినీ ఒక్క తెలుగు జాతిగా రాజు వెనక నిలబెడుతుంది. చూస్తున్నంతసేపూ హాయిగా ఉంటుంది. నిజానికి ఆ వెనక నిలబడినవాళ్ళు కొండవాళ్ళే.

సినిమాను చూడొద్దని నేననను. మళ్ళీ చూస్తాను, మళ్ళీ కళ్ళు తుడుచుకొంటాను. నా కోరికల్లా, ఎవరైనా మల్లుదొర కథ తీయాలని. పట్టుబడి, ఏళ్ళ తరబడి జైల్లో మగ్గి, స్వతంత్రం వచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైన మనిషాయన. ఓడిన యుద్ధంలోంచి బతికి బయటపడ్డవాడి కథ మనకు ఇంకా లేదు.

మా అబ్బాయికి ఈ వరసంతా కాగితం మీద గీసి చూపించాను. శ్రద్ధగా విని, “అయితే వాళ్ళకి తూటాలు అయిపోయాయన్నమాట” అన్నాడు.

“తూటాలే కాదురా, మనమూ వెళ్ళలేదు” అన్నాను.